లువెల్లా బ్రాండవీ కొలిచిన గొట్టం

సెయింట్ లియోబా ఊళ్ళో ఎవరైనా పాత తుపాకీ కొనుక్కుని, అది పుట్టినప్పుడు ఉన్నట్టే ఉందా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అని అనుమానం వస్తే, దాన్ని దుప్పటిలో చుట్టుకుని లువెల్లా బ్రాండవీ ఇంటికి వెళ్ళేవాడు. ఆవిడ నేరుగా వంటగదిలోకి రమ్మనేది. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, కళ్ళజోడు తుడుచుకుని, గొట్టంలోకి లోపలి వెడల్పు కొలిచే పొడుగాటి గేజ్ దూర్చి, అంగుళానికోసారి ఆగి, అంకె పైకి చదివి, నోటుపుస్తకంలో రాసుకునేది. ఆ పని జరుగుతున్నంతసేపూ ఎవర్నీ నోరెత్తనిచ్చేది కాదు. అయ్యాక కాఫీ పోసి ఉన్నదున్నట్టు చెప్పేది. "దీని మూతి రెండంగుళాలు కోసేశారు" అని విన్నవాళ్ళు కొందరు కాఫీ ముట్టకుండానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళే మళ్ళీ ఏడాది తిరక్కుండా ఇంకో తుపాకీ పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఒహాయోలో మా వైపు నేలంతా చదును. మొక్కజొన్న చేలు, సోయా చేలు, ప్రతి ఊరికీ ఓ చర్చి గోపురం, ఆ ఊరి పొలిమేరలో ఓ తుపాకీ క్లబ్బు. ఆదివారం పూజ అయ్యాక మగవాళ్ళు క్లబ్బుకి చేరి ట్రాప్ ఆడేవాళ్ళు. నేలలో దిగ్గొట్టిన చిన్న కొట్టులోంచి యంత్రం మట్టి బిళ్ళని గాల్లోకి విసురుతుంది. దాన్ని మేం పిట్ట అంటాం, ఎగురుతుండగానే కొట్టాలి. ఆ పిట్ట మన దగ్గర్నుంచి దూరంగా పారిపోతూ ఉంటుంది కాబట్టి, తూటాలోంచి వెళ్ళిన నాలుగు వందల సీసపు గుండ్లూ చెదిరిపోకుండా గుంపుగా వెళ్ళాలి. అందుకే గొట్టాన్ని మూతి దగ్గర వెంట్రుకవాసి సన్నం చేస్తారు. దాన్నే చోక్ అంటారు. ఎక్కువ సన్నం చేస్తే పూర్తి చోక్. పాత ట్రాప్ తుపాకులకి పూర్తి చోకే ప్రాణం. ఎవడో రీమర్ అనే తొలిచే పనిముట్టు పెట్టి ఆ చోటుని చెక్కేసి వెడల్పు చేశాడంటే, ఆ తుపాకీ పరువు పోయినట్టే.

పరువు పోయిన తుపాకీ ఒకటి మా క్లబ్బు గోడ మీదే ఉండేది.

అది బెర్నార్డ్ హైట్‌క్యాంప్ తుపాకీ. టాల్మన్ కంపెనీవాళ్ళు న్యూయార్క్ వైపు చేసిన ఒంటి గొట్టం తుపాకీ, ముప్పై నాలుగు అంగుళాల పొడుగు. క్లబ్బు పెట్టిన మరుసటేడు, అంటే పంతొమ్మిది వందల ఇరవై ఏడులో, బెర్నార్డ్ దానితో వరసగా నూట తొంభై ఆరు పిట్టల్ని కొట్టాడు. ఆ లెక్కని మా కౌంటీలో ఇప్పటికీ ఎవరూ దాటలేదు. నాలుగేళ్ళు గడిచాక రాష్ట్ర పోటీకి వెళ్ళి, వందకి ఎనభై ఒకటే కొట్టి, తల దించుకుని వచ్చాడు. వచ్చినవాడు క్లబ్బు మెట్ల మీద నిలబడి, "వసంతకాలంలో అలోయిస్ దగ్గర పెట్టాను. వాడు చోక్ చెక్కేశాడు" అన్నాడు.

అలోయిస్ బ్రాండవీ లువెల్లాకి నాన్న. ఊళ్ళో తుపాకులు బాగుచేసేవాడు ఆయనొక్కడే. ఆ మాట ఆ సాయంత్రానికే ఇంటికి చేరింది. లువెల్లాకి అప్పుడు పద్నాలుగేళ్ళు. నాన్న ఏమంటాడోనని ఆయన మొహంకేసి చూస్తూ కూర్చుంది. ఆయన సూప్ తాగడం పూర్తి చేసి, గిన్నె కడిగి బోర్లించి, కొట్టులోకి వెళ్ళి తుపాకులు బిగించే బల్ల మీదున్న పనిముట్లన్నీ నూనె రాసి పెట్టెలో సర్దేశాడు. మర్నాటినుంచి నాగళ్ళూ, పాల యంత్రాలూ, కోత మిషన్లూ మాత్రమే బాగుచేశాడు. తను చెక్కాననీ అనలేదు, చెక్కలేదనీ అనలేదు. అమ్మ అడిగి అడిగి విసిగిపోయి మానేసింది.

ఊరు చెడ్డది కాదు. ఎవరూ ఆయన్ని వెలివెయ్యలేదు. నాగలి విరిగితే ఆయన దగ్గరికే వచ్చారు. అయితే క్లబ్బులో ఎవడైనా పని పాడుచేస్తే "బ్రాండవీ పని చేశావురా" అనడం అలవాటైపోయింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియని కుర్రకారు కూడా అనేవాళ్ళు. ఆ ఇంటిపేరు మోస్తున్న మనిషి అక్కడే నిలబడి ఉందని గుర్తొచ్చాక నాలిక కరుచుకునేవాళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, మా పక్కనే ఉన్న సిడ్నీ అనే పట్నంలో లేత్‌లు చేసే ఫ్యాక్టరీకి ఆడవాళ్ళు కావాలన్నారు. లువెల్లా బస్సెక్కి వెళ్ళింది. వారం తిరిగేసరికి ఆమెని కొలతల గదిలో వేశారు. ఇనపముక్కలో తొలిచిన రంధ్రం సరిగ్గా ఎంతుందో అంగుళంలో వెయ్యో వంతు దాకా చెప్పడం అక్కడి పని. చల్లటి చెయ్యి, ఓపిక, మొహమాటం లేకపోవడం కావాలి దానికి. మూడూ ఆమెకి ఉన్నాయి. యుద్ధం అయ్యాక మగవాళ్ళు తిరిగొచ్చి, తోటి ఆడవాళ్ళందరూ ఇళ్ళకి వెళ్ళిపోయినా, ఫోర్‌మన్ ఆమెని వదల్లేదు. "నువ్వు బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. ఇంకెవరి సంతకమూ నాకొద్దు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసింది. ఆమె సంతకం పెట్టిన ముక్క ఒక్కటి కూడా తిరిగిరాలేదని ఆ గదిలో చెప్పుకునేవాళ్ళు. ఆ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం ఆపేది కాదు.

పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఓ చలికాలం, ఆమె కొట్టులో నాన్న లేత్ మీద ఓ పొడుగాటి గేజ్ తయారుచేసింది. ముప్పై నాలుగు అంగుళాల గొట్టంలో ఆ చివర్నుంచి ఈ చివరి దాకా ఎక్కడ ఎంత వెడల్పుందో చెప్పే పనిముట్టు. నాన్న పక్కనే ఉండి కడ్డీ తిన్నగా ఉందో లేదో చూసిపెట్టాడు. అది దేనికని అడగలేదు. పూర్తయిన రోజు ఆమే అడిగింది.

"నాన్నా, హైట్‌క్యాంప్‌ల తుపాకీ ఒక్కసారి అడిగి తెచ్చి కొలవనా?"

"అది మన తుపాకీ కాదు. వాళ్ళు తెస్తే కొలువు. నువ్వు అడగొద్దు."

ఆయన అన్నది అంతే. ఏడేళ్ళ తర్వాత పోయాడు. ఆమె అడగలేదు. దానికి బదులు దొరికిన ప్రతి పాత ట్రాప్ తుపాకీనీ కొలిచింది. క్లబ్బుల పోటీలకి వెళ్ళి, వంటగదిలో తాబేలు సూప్ వడ్డించి, గిన్నెలు కడిగాక, చేతులు తుడుచుకుని ఎవరి తుపాకీ అయినా చూడొచ్చా అని అడిగేది. మొదట్లో నవ్వేవాళ్ళు. "సూప్‌లో ఉప్పు కూడా గేజ్‌తోనే చూస్తావా లూ?" అనేవాళ్ళు. "నీ సూప్‌లో అయితే చూడనవసరం లేదు, నువ్వు ఎలాగూ మూడు గిన్నెలు తాగుతావు" అనేది. ఆ నవ్వులు మెల్లిగా తగ్గి, తుపాకులు వంటింటికి రావడం మొదలయ్యాయి. పాతికేళ్ళలో నాలుగు వందల పైచిలుకు గొట్టాలు ఆమె పుస్తకాల్లోకి ఎక్కాయి. ఒక్కో గొట్టానికి ఒక్కో పేజీ.

డెబ్భై ఆరులో క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ ఏడు క్లబ్బు పెద్ద నార్బర్ట్ హైట్‌క్యాంప్. బెర్నార్డ్‌కి మనవడు, పందులు పెంచే రైతు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. సెప్టెంబరులో ఉత్సవం పెట్టి, తాత తుపాకీని అద్దాల పెట్టెలో పెట్టి, కింద దాని కథ రాయాలని అనుకున్నాడు. కథ రాసిపెట్టడానికి సిన్సినాటీనుంచి రాయిస్ టిలింగాస్ట్ అనే పెద్దమనిషిని మే నెలలో పిలిపించాడు. పాత తుపాకులు సేకరించేవాళ్ళలో ఆయనకి పెద్ద పేరు. సన్నటి మీసం, మెరిసే బూట్లు, మాట మెత్తన.

టిలింగాస్ట్ తుపాకీని గోడ మీంచి దింపించి, గొట్టం వెనక వైపు తెరుచుకునేలా మడత విప్పించి, మూతి పైకి పట్టుకున్నాడు. జేబులోంచి పది సెంట్ల నాణెం తీసి గొట్టం మూతి మీద పెట్టాడు. నాణెం ఆగలేదు. గొట్టమంతా జారి, రెండో చివర్నుంచి ఊడి చెక్క నేల మీద టంగుమని పడి దొర్లింది.

"ఇదండీ సంగతి" అన్నాడాయన. "పూర్తి చోక్ ఉన్న గొట్టం మూతిలో ఈ నాణెం దూరదు. దీన్ని ఎవరో చెక్కారు. మీ తాతగారు చెప్పింది నిజమే."

గదిలో ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ వంటగది వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్ళు పడుతున్న అవస్థ గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ లువెల్లాకి బాగా కనిపించింది. ఆమె గరిటె పెట్టేసి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, గదిలోకి వచ్చింది. కింద పడ్డ నాణెం తీసి టిలింగాస్ట్ చేతిలో పెట్టింది.

"నాణేనికి మూతి ఎంతుందో తెలుసు. లోపలి గొట్టం ఎంతుందో తెలీదు. చోక్ అంటే ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా" అంది. తర్వాత నార్బర్ట్ వైపు తిరిగింది. "నేను అడక్కూడదు. నువ్వు ఇస్తే కొలుస్తాను."

నార్బర్ట్ కాసేపు తన టోపీ చూసుకున్నాడు. "ఏం తేలినా చెప్తావా?"

"ఏం తేలినా చెప్తాను. మా నాన్న చెక్కాడని తేలితే అదే చెప్తాను, ఇదే గదిలో."

ఆ మధ్యాహ్నమే తుపాకీ ఆమె వంటింటి బల్ల మీదికి వచ్చింది. నలభై ఐదేళ్ళు ఎదురుచూసిన గొట్టం. ఆమె వెంటనే ముట్టుకోలేదు. చేతులు కడుక్కుంది. వంటింట్లో వేడి తగ్గేదాకా కిటికీలు తెరిచి పెట్టింది. వేడికి ఇనుము పెరుగుతుంది మరి. ఆ తర్వాత గేజ్ దూర్చి, ఏ తుపాకీకైనా మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది.

మామూలుగా ఇలాంటి పన్నెండో నంబరు గొట్టం లోపల వెడల్పు అంగుళంలో ఏడు వందల ఇరవై తొమ్మిది వెయ్యోవంతులు ఉండాలి. పుస్తకాలన్నీ అదే చెబుతాయి. గేజ్ ఏడు వందల నలభై రెండు చూపించింది. ఆమె తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. నలభై రెండే. పొడుగునా నలభై రెండు. మూతికి నాలుగంగుళాల ముందునుంచి మెల్లిగా సన్నబడుతూ వచ్చి, చివరి ముప్పావు అంగుళం ఒకే తీరుగా ఏడు వందల ఏడు దగ్గర నిలబడింది. అందుకే నాణెం జారింది, నాణెం ఏడు వందల ఐదు మరి. అయినా తేడా ముప్పై ఐదు వంతులు. పూర్తి చోక్‌కి ఒక్క వంతు కూడా తక్కువ లేదు.

ఆమె వెనక్కి వాలి కూర్చుంది. లేచి ఎగరాలనిపించింది గానీ ఎగరలేదు. కొలతల గదిలో ముప్పై ఏళ్ళు ఉన్న మనిషికి తనకి ఇష్టమైన అంకె మీదే ఎక్కువ అనుమానం. టిలింగాస్ట్ తెలివైనవాడు. ఎవరో గొట్టం మొత్తాన్ని లోపల అరగదీశారేమో అంటాడు. అనాలి కూడా. దానికి జవాబు కావాలి.

అప్పుడే దీపం వెలుతురుకి గొట్టం ఎత్తి పట్టుకుని లోపలికి చూసింది. మంచి గొట్టంలో వెలుగు గీత దారంలా తిన్నగా సాగుతుంది. ఇందులోనూ సాగింది, మూతినుంచి తొమ్మిది అంగుళాల దాకా. అక్కడ గోరంత మేర సన్నగా వణికింది. పక్కకి తిప్పితే మాయమైంది, మళ్ళీ తిప్పితే కనబడింది. బయట వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. గోడ మందం కొలిస్తే ఒక వంతులో సగం తేడా. అది చెక్కింది కాదు. ఎప్పుడో గొట్టానికి సొట్ట పడింది. ఎవరో లోపల ఉక్కు దిమ్మ బిగించి, పైనుంచి చిన్న సుత్తితో, ఒక్కో దెబ్బా లెక్కపెట్టినట్టు కొట్టి, ఆ సొట్టని ఎత్తేశారు. పైన నల్లరంగు కూడా అతుకు తెలియకుండా కలిపేశారు.

అటువంటి పని చెయ్యగలవాడు ఈ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో ఒక్కడే ఉండేవాడు. ఆ రాత్రికి ఆమె వంట చేసుకోలేదు. రొట్టె, చీజ్ తిని పడుకుంది. ఆ పనితనాన్ని తన వేళ్ళు కూడా కనుక్కోలేకపోయాయి. నాన్న మీద అంత గర్వం ఆయన బతికుండగా ఎన్నడూ కలగలేదని, అందుకు కొంచెం సిగ్గుపడిందని తర్వాత ఎప్పుడో చెప్పింది.

మర్నాడు పుస్తకాలన్నీ దించింది. టాల్మన్ కంపెనీ ముప్పై రెండులోనే మూతబడింది. దాని దస్తావేజులు ఎక్కడా లేవు. ఉన్నది ఆమె రాసుకున్న పేజీలే. పాతికేళ్ళలో టాల్మన్ ఒంటి గొట్టాలు ఆరు కొలిచింది. ఇరవై నాలుగుకి ముందు చేసిన మూడూ ఏడు వందల ముప్పై దగ్గర ఉన్నాయి. తర్వాత చేసినవి రెండు, రెండూ నలభై ఒకటి. ఇంకొకటి మూతి కోసేసింది, అయినా లోపల నలభై రెండు. అంటే ఆ కంపెనీవాళ్ళే మధ్యలో పద్ధతి మార్చి, గొట్టాలు వెడల్పుగా తొలిచి, మూతి కూడా దానికి తగ్గట్టు వెడల్పుగా ఉంచారన్నమాట. కొలిచినప్పుడు రాసుకుంది గానీ వరసగా పెట్టి చూడలేదు. చూశాక తనని తనే తిట్టుకుంది.

మూడు తుపాకులు చాలవనిపించింది ఆమెకి. ట్రాప్ ఆడేవాళ్ళు చదివే నెలపత్రికలో నాలుగు లైన్ల ప్రకటన వేయించింది. హైట్‌క్యాంప్ తుపాకీ నంబరు రాసి, దానికి దగ్గర నంబరున్న టాల్మన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క గంట చూడనివ్వమని కోరింది. జూన్ అంతా ఏమీ రాలేదు. జూలైలో ఇండియానానుంచి పెన్సిల్‌తో రాసిన ఉత్తరం వచ్చింది. ఓపల్ డింకిన్స్ అనే ముసలావిడ రాసింది. తన భర్త తుపాకీ నంబరు సరిగ్గా ఒకటి ఎక్కువట.

లువెల్లా తెల్లారకముందే గేజ్‌ని తువ్వాలులో చుట్టి కారు వెనక సీట్లో పడుకోబెట్టి, మూడు గంటలు నడుపుకుంటూ వెళ్ళింది. ఓపల్ వాబాష్ నది దగ్గర చిన్న తెల్లటి ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగా వినబడవు. ముందు క్రీమ్ పై అనే తీపి వంటకం తినమంది. రెండో ముక్క కూడా తిన్నాక గానీ అలమారా తెరవలేదు.

"మా ఆయన ఇరవై ఐదులో కొన్నాడు" అంది. "ఒక్క సీజన్ ఆడాడు. తర్వాత గుర్రం తన్ని భుజం విరిగింది. మళ్ళీ ఎత్తలేకపోయాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నన్ను కూడా."

"ఇప్పుడు నేను ముట్టుకోవచ్చా అమ్మా?"

"ఆయన లేడుగా. కానీ నెమ్మదిగా."

తోలుపెట్టె తెరిస్తే కొత్త తుపాకీ వాసనే వచ్చింది. వంటింటి బల్ల మీద, తీపి గిన్నె పక్కకి జరిపి, లువెల్లా కొలిచింది. లోపల ఏడు వందల నలభై రెండు. మూతి ఏడు వందల ఏడు. అంగుళం అంగుళానికీ హైట్‌క్యాంప్ గొట్టానికి కవల. పెట్టె మూలలో దారానికి వేలాడుతున్న అట్టముక్క కూడా దొరికింది. ఫ్యాక్టరీవాళ్ళు పరీక్షించి చేత్తో రాసింది. పూర్తి చోక్, నలభై గజాలు, వంద గుండ్లకి డెబ్భై నాలుగు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకోవడం ఓపల్ చూసింది. "చెడ్డ వార్తా?" అని అడిగింది గట్టిగా.

"కాదమ్మా. మంచిదే" అని లువెల్లా అంతకంటే గట్టిగా చెప్పింది.

ఇక మిగిలింది కాల్చి చూడడం. ఆగస్టులో గాలి లేని ఓ పొద్దున్న క్లబ్బు వెనక మైదానంలో నలభై గజాల దూరాన పెద్ద కాగితాలు కట్టింది. తుపాకీని ఇసక సంచుల మీద ఆనించి, పాత గొట్టానికి సరిపడేలా మందు తక్కువ పెట్టిన తూటాలతో పది సార్లు పేల్చింది. ఒక్కో కాగితం మీద గుండ్లు ఎక్కువ పడ్డచోట ముప్పై అంగుళాల గుండ్రం గీసి, లోపలి చిల్లులన్నీ పెన్సిల్‌తో కొట్టేస్తూ లెక్కపెట్టింది. ముందే ఓ తూటా విప్పి గుండ్లు లెక్కపెట్టి ఉంచుకుంది, మూడు వందల ఎనభై ఎనిమిది. గుండ్రంలో పడ్డవి సగటున రెండు వందల తొంభై ఒకటి. వందకి డెబ్భై ఐదు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ గొట్టం గుండ్లని పిడికిలిలో పట్టి విసురుతున్నట్టే విసిరింది.

సెప్టెంబరు ఉత్సవానికి జనం బాగా వచ్చారు. చర్చి బ్యాండు వాయించింది, సాసేజ్‌లు కాల్చారు, సూప్ ఆ రోజు వేరేవాళ్ళు వడ్డించారు. మధ్యాహ్నం నార్బర్ట్ అందర్నీ లోపలికి పిలిచాడు. టిలింగాస్ట్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. లువెల్లా బూడిదరంగు పూజ బట్టల్లో వచ్చి, పది కాగితాలూ గోడకి పిన్నులతో గుచ్చి, అంకెలు చదివింది. తన ఆరు టాల్మన్‌ల పేజీలు చదివింది. ఓపల్ ఇచ్చిన అట్టముక్క ఫోటో చూపించింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీ కొలతల గదిలో షిఫ్టు చివర రిపోర్టు చదివినట్టే చదివింది.

"ఈ తుపాకీ చోక్ ఫ్యాక్టరీలో తొలిచినట్టే ఉంది. ఎవరూ చెక్కలేదు" అని కాగితం తిప్పింది. "ఇంకోటి ఉంది. ఏం తేలినా చెప్తానన్నాను గనక చెప్తున్నాను. మూతినుంచి తొమ్మిది అంగుళాల దగ్గర ఒకప్పుడు సొట్ట పడింది. దాన్ని ఎత్తేశారు. ఆ పని చాలా బాగా చేశారు. అంతకంటే బాగా చేసినది నేను చూళ్ళేదు. సొట్ట ఎలా పడిందో గేజ్‌కి తెలీదు."

కాగితాలు మడిచి కూర్చుంది. టిలింగాస్ట్ ఏదో అడగబోయాడు గానీ, అంతలో నార్బర్ట్ లేచి నిలబడ్డాడు. మామూలుగా ఆయన ధన్యవాదాలు చెప్పడానికి కూడా చెమటలు పట్టే మనిషి.

"అది నాకు తెలుసు" అన్నాడు. "మా నాయనమ్మ పోయేముందు చెప్పింది. ముప్పై ఒకటిలో తాత పక్కూళ్ళో పోటీ గెలిచి, ఎవరింట్లోనో దొంగతనంగా కాచిన బీరు తాగి, కారు దిగుతూ తుపాకీ రాతి గట్టు మీద పడేసుకున్నాడు. అప్పట్లో బీరు నేరం. ఆయన చర్చి కమిటీలో ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దని అలోయిస్ చేత ఒట్టు వేయించుకుని సొట్ట ఎత్తించుకున్నాడు. తర్వాత ఓడిపోయినప్పుడు నింద అలోయిస్ మీద వేశాడు. ఆ ఏటికే తాతకి కళ్ళు మసకలు. అద్దాలు పెట్టుకోనన్నాడు. నిజం చెబుదామని నాయనమ్మ ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదట. సొట్ట సంగతి నాకు తెలుసు గానీ చోక్ సంగతి తెలీదు. చెక్కాడేమోనని నేనూ అనుకున్నాను. తాత పేరు పోతుందని పన్నెండేళ్ళుగా నోరు మూసుకున్నాను. నాది తప్పు లూ."

లువెల్లాకి ఒక్కసారిగా ఆ పాత సాయంత్రం అర్థమైంది. నాన్న ఊరుకున్నది చేతకాక కాదు. ఒక్క మాట అంటే నెగ్గేవాడు. ఇచ్చిన మాట కోసం ఆ ఒక్క మాటా ఇరవై ఏడేళ్ళు నోట్లోనే ఉంచుకుని పోయాడు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

ఆమె లేచి నార్బర్ట్ చెయ్యి పట్టుకుంది. "మీ తాత నూట తొంభై ఆరు కొట్టింది కూడా ఈ గొట్టంతోనే. అది అబద్ధం కాదు. అద్దాల పెట్టెలో అదీ రాయి, ఇదీ రాయి" అంది.

వెనక వరసలో ముసలి రైతు ఒకాయన లేచి టోపీ తీశాడు. ఆయన వెంట మిగతావాళ్ళూ తీశారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక అలా నిలబడిపోయారు. అప్పుడు మాత్రం ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. తుడుచుకోనూ లేదు. తలెత్తుకునే నిలబడింది.

జనం సూప్ వైపు కదిలాక టిలింగాస్ట్ ఆమె దగ్గరికి వచ్చాడు. జేబులోని నాణేన్ని ఇకనుంచి కాఫీ కొనుక్కోడానికి మాత్రమే వాడతానన్నాడు. పుస్తకాలు సిన్సినాటీకి తీసుకెళ్ళి నకలు తీయించుకోవచ్చా అని అడిగాడు. ఇంటి గుమ్మం దాటనివ్వనంది ఆమె. కావాలంటే తన వంటింట్లో కూర్చుని, పెన్సిల్‌తో, ప్రతి పేజీ కిందా కొలిచిన తన పేరుతో సహా రాసుకోవచ్చంది. ఆ చలికాలం ఆయన తొమ్మిది శనివారాలు వచ్చి, బూట్లు గుమ్మంలో విడిచి, రాసుకున్నాడు. మధ్యలో మాట్లాడబోతే ఆమె వేలెత్తి చూపించేది.

"బ్రాండవీ పని" అనే మాట క్లబ్బులో ఆగిపోలేదు. ఇప్పుడు కూడా అంటారు. కాకపోతే ఎవడైనా పనిని అతుకు తెలియకుండా చేసినప్పుడు అంటారు.

ఉత్సవం రోజే ఇంకొకటి జరిగింది. సాయంత్రం చివరి ఆట మొదలయ్యేముందు నార్బర్ట్ తాత తుపాకీ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, కాల్చేవాళ్ళు నిలబడే అయిదో గీత దగ్గరికి నడవమన్నాడు. ఆమె జీవితంలో కాగితాల మీద వేలసార్లు పేల్చింది గానీ, ఎగిరే పిట్ట మీద ఒక్కసారీ పేల్చలేదు. ఆడవాళ్ళని అప్పట్లో ఎవరూ గీత దగ్గరికి పిలవలేదు, ఆమె కూడా అడగలేదు. పూజ బట్టలతోనే వెళ్ళి నిలబడింది. మొదటి పిట్ట తప్పింది, రెండోదీ తప్పింది. మూడోది నల్లటి పొడిలా రాలింది. పాతిక్కి పదకొండు కొట్టింది.

"పదకొండేనా లూ?" అని ఎవరో వెనకనుంచి ఆట పట్టించారు.

"గొట్టంలో తప్పేమీ లేదు, నేను కొలిచాను" అని, స్కోరు పలక దగ్గరికి వెళ్ళి తన పేరు తనే సుద్దతో పెద్ద అక్షరాలతో రాసుకుంది. తర్వాతి ఆదివారం పూజ అవుతూనే సొంత తూటాల పెట్టె కొనుక్కుని, అందరికంటే ముందు క్లబ్బుకి వచ్చింది.